ఓడిన యాటను మఱల చూడుడు

మధ్యాహ్నము ఇంటిపనులు తీరినపిమ్మట చదరంగపు బల్లముందు కూర్చుండు స్త్రీలు మనలో పలువురు కలరు. ఏండ్లతరబడి యాడుచున్నను మన యాట మొదటనున్నచోటనే నిలిచియుండుటకు కారణమేమి? బుద్ధి చాలకయని కొందఱందురు. మేమట్లు తలంపము. మన యలవాట్లే మనలను వెనుకకు లాగుచున్నవి.

మొదటిది తొందరపాటు. ఎదుటివారు పావును కదపగానే మన చేయి ముందుకు సాగును. వారి యెత్తులోని యుద్దేశమేమని క్షణమైన నాలోచింపము. దూరమునుండి శకటు మన మంత్రిపై కన్నువేసిన సంగతి, మంత్రి పోయినపిమ్మటగాని తెలియదు. “వారేమి చేయదలచిరి? నేను కదపినయెడల దేనికి కాపు తప్పును?” అను రెండు ప్రశ్నలు ప్రతి యెత్తునకు ముందు వేసికొన్నచో పెక్కు తప్పులు తొలగును.

రెండవది ఎత్తును వెనుకకు తీసికొనుట. పందెములలో ముట్టిన పావునే కదపవలెనను నియమము కలదు. ఇంటిలో దీనిని మనము ప్రేమపేర సడలింతుము. మా కుమార్తె ముఖము చిన్నబోవుట చూడలేక, “పోనీలే తల్లీ, వెనుకకు తీసికో” అని మేమును చెప్పుచుంటిమి. పదియవయేట ఆమె మొదటిసారి పందెమునకు పోయెను. అచ్చట గుఱ్ఱమును ముట్టి, పొరపాటు తెలిసికొని, చేయి వెనుకకు తీసికొనెను. ఎదుటి బాలిక మధ్యవర్తిని పిలిచెను. గుఱ్ఱమును కదపక తప్పలేదు, ఆట పోయెను. ఇంటికి వచ్చి, “అమ్మా, ఇంటిలో నన్నెందుకు వెనుకకు తీసికోనిచ్చితివి?” అని యడిగెను. మాయొద్ద సమాధానము లేకపోయెను.

మూడవది ఓటమిని మఱచుటకు త్వరపడుట. గెలిచిన యాటను పదిమందికి చెప్పుదుము. ఓడినదానికి తలనొప్పినో, పొయ్యిమీది పాలనో సాకుగా చూపుదుము. పందెములలో ప్రతి యెత్తును వ్రాసికొందురు. ఆ రాత్రి మే మిరువురమును ఆ కాగితము ముందుంచుకొని యాటను మఱల నడిపితిమి. అసలు తప్పు గుఱ్ఱమునందు లేదు! నాలుగెత్తుల ముందే, రాజునకు కాపుగానున్న బంటును తోసివేయుటయందున్నది. ఏడ్చి పండుకొనియున్న నిది యెన్నటికిని తెలియకపోవును.

నాల్గవది, ఆరంభపు టెత్తులను వల్లించి ఆట చివరిభాగమును విడుచుట. 1921 నుండి 1927 వఱకు జగద్విజేతయైన క్యూబాదేశీయుడు కాపబ్లాంకా, చివరిభాగమునే ముందుగా నేర్వవలెనని బోధించెను. రాజును ఒక బంటును మాత్రమే మిగిలినపుడు గెలుచు తెఱగు తెలియనిచో, కంఠస్థము చేసిన యారంభము లేమి ఫలించును?

కడపటిది, “పిల్లలు కలిగిరి, ఇక నేర్చుట యెక్కడిది?” అను నిరాశ. గుడివాడయందు జన్మించిన కోనేరు హంపి 2002లో, పదునైదేండ్ల ప్రాయమున, గ్రాండ్‌మాస్టరయ్యెను. 2017లో తల్లియై, కొంతకాలము ఆటకు దూరముగానుండి, మరలివచ్చి 2019లోను, మఱల 2024లోను ర్యాపిడ్ చదరంగమున ప్రపంచవిజేత యయ్యెను. అంతటి ప్రతిభ అందఱికి నుండదు. కాని మరలివచ్చి కూర్చుండుట అందఱికిని సాధ్యమే.

ఇపుడు మా యింట ఎత్తును వెనుకకు తీయుట లేదు. మొన్న మేము మంత్రిని పోగొట్టుకొని, పొయ్యిమీద పాలున్నవని లేవబోతిమి. మా యమ్మాయి నవ్వి, పాలగిన్నె తానే దింపివచ్చి, ఎత్తులు వ్రాసిన కాగితమును మా ముందుంచెను.