పెద్దల మందుల సంచిని ఒకసారి విప్పి చూద్దాం

మన సరిహద్దు గ్రామాలలో ఏ ఇంటికి వెళ్లినా పెద్దవారి మంచం పక్కన గోడమేకుకు ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతూ ఉంటుంది. అది మందుల సంచి. అందులో కొన్ని కృష్ణగిరిలో ఇచ్చినవి, కొన్ని కుప్పంలో రాసినవి, మరికొన్ని బెంగళూరులో ఉన్న కుమారుడు పెద్దాసుపత్రిలో చూపించినప్పుడు కొన్నవి. ఒక వైద్యుడు రాసిన సంగతి మరొక వైద్యునికి తెలియదు. అన్ని చీటీలూ కలిసేది ఆ సంచిలోనే, అన్ని మందులూ చేరేది ఆ వృద్ధ శరీరంలోకే.

రోజుకు ఐదు రకాలు, అంతకు మించి మందులు వాడటాన్ని వైద్యులు ‘పాలీఫార్మసీ’ అంటారు. ఐదు మందులు వాడటం దానంతట అది తప్పు కాదు. మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు కలిసి ఉన్నవారికి అవన్నీ అవసరమే కావచ్చు. అవసరం తీరినా కొనసాగే మందు, ఒకే పనికి రెండు పేర్లతో వాడే మందు, వయసు మీదపడ్డాక మేలు కంటె కీడు ఎక్కువ చేసే మందు, ఈ మూడింటితోనే చిక్కు. వీటిని వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా తగ్గించడం కూడా చికిత్సలో భాగమే. అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్ 1991లో వృద్ధులకు సరిపడని మందుల పట్టికను రూపొందించారు. అక్కడి వృద్ధాప్య వైద్యుల సంఘం దానిని 2023లో కూడా సవరించి ప్రకటించింది.

మా ఇంటి అనుభవం

మా అమ్మగారికి డెబ్బై నాలుగేళ్లు. రక్తపోటుకు ఒకచోట ఆమ్లోడిపిన్ బిళ్లలు ఇచ్చారు. కొన్ని నెలల తరువాత మరొకచోట చూపించినప్పుడు వేరే పేరుగల బిళ్ల రాశారు. అమ్మ రెండూ వేసుకున్నారు. కొద్ది వారాలకు పాదాలు వాచాయి. వాపు తగ్గాలని మూడవచోట మూత్రం ఎక్కువగా పోయే బిళ్ల ఇచ్చారు. రాత్రి నాలుగుసార్లు లేవవలసి వచ్చేది. ఒక తెల్లవారుజామున పెరటిలో కళ్లు తిరిగి పడిపోయారు. అదృష్టవశాత్తు ఎముక విరగలేదు.

ఆ రోజు బిళ్లల అట్టలన్నీ బల్లమీద పరచి, పెద్ద పేరు కింద ఉన్న చిన్న అక్షరాలు చదివాను. రెండవ బిళ్లలో టెల్మిసార్టాన్‌తో పాటు ఆమ్లోడిపిన్ కూడా ఉంది. ఒకే మందు రెండింతలు పడుతోంది. ఆమ్లోడిపిన్ వల్ల పాదాలు వాయడం అందరికీ తెలిసిన దుష్ఫలితమే. అది సన్నని రక్తనాళాల నుండి నీరు ఊరడం వల్ల వచ్చే వాపు కనుక మూత్రం బిళ్లకు అంతగా లొంగదు. అంటే ఒక మందు కలిగించిన బాధను కొత్త జబ్బుగా భావించి మరొక మందు వేశాము. వైద్యులు దీనిని ‘మందుల గొలుసు’ వంటిదిగా చూస్తారు. ఏ వైద్యునికీ మిగిలిన రెండు చీటీలు చూపించనిది నేనే. బడిలో పిల్లలకు ప్రతి అక్షరమూ చదవమని చెప్పే నేను, ఇంట్లో ఆ చిన్న అక్షరాలు చదవలేదు.

అన్ని అట్టలూ తీసుకువెళ్లి చూపించగా వైద్యుడు ఒక బిళ్లనూ, తరువాత మూత్రం బిళ్లనూ ఆపించి, రక్తపోటు కొలుస్తూ వచ్చారు. వాపు తగ్గింది. అమ్మ రాత్రి నిద్రపోతున్నారు.

వయసులో మారేదేమిటి?

వయసు పెరిగేకొద్దీ మూత్రపిండాల వడపోత శక్తి, కాలేయం పనితీరు తగ్గుతాయి. శరీరంలో నీటి భాగం తగ్గి కొవ్వు భాగం పెరుగుతుంది. అందువల్ల నలభై ఏళ్లవారికి సరిపోయిన మోతాదు ఎనభై ఏళ్లవారి శరీరంలో ఎక్కువసేపు నిలిచిపోతుంది.

ముఖ్యంగా ఈ మందుల గురించి వైద్యుని అడగాలి:

• డైక్లోఫినాక్ వంటి నొప్పి బిళ్లలు: కడుపులో పుండు, మూత్రపిండాలకు హాని, రక్తపోటు పెరుగుదల కలిగించవచ్చు. దుకాణంలో అడిగి కొనుక్కోవడం మన ఊళ్లలో మామూలైపోయింది.

• ఆల్ప్రజోలాం, డయజిపాం వంటి నిద్ర బిళ్లలు: మత్తు, మతిమరుపు, కిందపడటం.

• గ్లిబెన్‌క్లమైడ్ వంటి చక్కెర బిళ్లలు: భోజనం ఆలస్యమైతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమట, వణుకు, తికమక దాని గుర్తులు.

• క్లోర్‌ఫెనిరమైన్ ఉన్న జలుబు మందులు: మలబద్ధకం, మూత్రం బిగబట్టడం, తికమక.

• సిన్నరిజిన్ వంటి తలతిరుగుడు బిళ్లలు: చాలాకాలం వాడితే చేతుల వణుకు, నడక మందగించడం.

• పాంటోప్రజోల్ వంటి గ్యాస్ బిళ్లలు: చాలామందికి కొన్ని వారాలు చాలు. అయితే ఆస్పిరిన్ వాడే కొందరికి కడుపు రక్షణగా అవసరం.

స్వయంగా ఆపవద్దు

ఈ వ్యాసం చదివి నేడే బిళ్లలు పారవేయడం పెద్ద పొరపాటు. అటెనొలాల్, మెటోప్రొలాల్ హఠాత్తుగా ఆపితే గుండెకు ప్రమాదం. ప్రెడ్నిసొలోన్, మూర్ఛ మందులు, చాలాకాలంగా వాడే నిద్ర బిళ్లలు మెల్లగానే తగ్గించాలి. గుండెకు స్టెంటు వేసినవారు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందును, మధుమేహులు ఇన్సులిన్‌ను తమంతట తాము మానరాదు. తగ్గించేటప్పుడు కూడా ఒకసారికి ఒక మందునే తగ్గించి, కొన్ని వారాలు గమనించాలి. అప్పుడే మార్పు దేనివల్ల కలిగిందో తెలుస్తుంది.

ఇంట్లో చేయవలసినది

ముందుగా సంచి మొత్తం కుమ్మరించండి. నాటుమందులు, లేహ్యాలు, తైలాలు, పక్కింటివారు ఇచ్చిన బిళ్లలు కూడా అందులో చేర్చండి. ఒక నోటుపుస్తకంలో గీతలు గీసి ప్రతి మందుకూ మందు పేరు, మోతాదు, వేళ, ఎందుకు, ఎవరు రాశారు, ఎప్పటినుండి అని వ్రాయండి. అట్టమీద చిన్న అక్షరాలలో ఉన్న అసలు పేరునే వ్రాయాలి. పేరు ఇంగ్లీషు అక్షరాలలో ఉంటే ఏ రాష్ట్ర వైద్యుడైనా చదువగలడు. ఎందుకో తెలుగులో ఉంటే ఇంట్లో పెద్దవారికి అర్థమవుతుంది. బడికి వెళ్లే మనుమడో మనుమరాలో ఈ పని చక్కగా చేయగలరు.

ఆ పుస్తకంతో ఒక వైద్యుని ఎన్నుకొని, ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ మందు దేనికి? ఇంకా అవసరమా? ఇతర మందులతో పొసగుతుందా? తగ్గించదగినదైతే ఎలా తగ్గించాలి? 2021 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం ఇంటింటికి వైద్య పథకాన్ని మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే ప్రారంభించింది. ఇంటికి మందులు తెచ్చే ఆరోగ్య కార్యకర్తకూ ఆ పుస్తకం చూపండి. బయట ఏ బిళ్లలు వాడుతున్నారో వారికి తెలియవలసి ఉంటుంది.

‘డాక్టరుగారిని ప్రశ్నిస్తే కోప్పడతారేమో’ అని మన పెద్దలు సంకోచిస్తారు. ఆ సంకోచాన్ని పిల్లలమైన మనమే తీర్చాలి. ఊరికి వచ్చినప్పుడు పండ్లు, బట్టలు తెస్తాము. ఈసారి వచ్చినప్పుడు ఒక గంట కూర్చొని ఆ సంచిని విప్పి, చిన్న అక్షరాలు చదవండి.