ఎత్తు కాదు, వాలు చూడండి!

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి లెక్కలతో పనేమిటంటారేమో! గోదావరి ఒడ్డున ఉండేవాళ్లకు గ్రాఫు చదవడం ప్రాణావసరమని నా నమ్మకం.

భద్రాచలంలో వరద 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులు ముట్టింది. 2022 జూలైలో 71.3. ఇవన్నీ ఎత్తులు. ఎత్తొక్కటే తెలిస్తే చాలదు.

గళ్ల కాగితం మీద అడ్డంగా గంటలు, నిలువుగా అడుగులు వేయండి. నీరు 43 దగ్గర ఉందనుకుందాం. గంటకు అరడుగు చొప్పున పెరిగితే 53కి చేరడానికి 20 గంటలు. అడుగు చొప్పునైతే పదే గంటలు. మొదటిది మెల్లగా ఎక్కే గీత. రెండోది దానికంటె నిటారు. ముసలివాళ్లనూ పశువులనూ మెరకకు చేర్చడానికి చిక్కే వ్యవధి ఆ వాలులోనే ఉంది.

పిల్లలు తికమకపడేది ఇక్కడే. గీత పైన బల్లపరుపుగా సాగితే, "వరద తగ్గింది మాస్టారూ!" అంటారు. కాదు నాయనా, పెరగడం ఆగింది, అంతే. నీళ్లింకా వాకిట్లోనే ఉన్నాయి. గీత కిందికి వాలితేనే తగ్గుముఖం.

ఇది ఏడో తరగతిలోనే పట్టుబడితే, మట్టం ఎంతో వినగానే, "గంట కిందట ఎంత?" అని ఆ పిల్లవాడే అడుగుతాడు. అలా అడిగే పిల్లవాడున్న ఇల్లు చీకటి పడకముందే మూట కట్టుకుంటుంది.