ముట్టుగుడ్డకు ఎండ తగలాలి

ముట్టు సంగతి కుటుంబ పత్రికలో వ్రాయవచ్చునా అని కొందరు పెద్దలు ముక్కున వేలు వేసుకోవచ్చు. వ్రాయకపోవడం వల్లనే ఇన్నాళ్లూ నష్టపోయామని మా అభిప్రాయం.

మన అమ్మమ్మలు పాత నూలుచీర చింపి, మడత పెట్టి వాడుకునేవారు. ఆ గుడ్డలో దోషం లేదు. దోషమల్లా ఆరవేయడంలో ఉంది. మగవారి కంట పడరాదని చీకటి మూలనో, మరో చీర చాటునో ఆరవేసేవారు. తడి ఆరని గుడ్డ మళ్లీ కట్టుకుంటే ఒరుపూ దురదా రాక మానతాయా? ముందు చన్నీళ్లలో జాడించి (వేడినీళ్లు పోస్తే మరక పట్టుకుంటుంది), సబ్బుతో ఉతికి, మంచి ఎండలో ఆరవేసిన గుడ్డను నిశ్చింతగా వాడుకోవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 64 మంది దుకాణపు నాప్కిన్లు వాడుతున్నామన్నారు. గుడ్డ వాడుతున్నామన్నవారూ 50 మంది ఉన్నారు. రెండూ వాడేవారుండబట్టి లెక్క నూరు దాటింది. గుడ్డ ఇంకా మన ఇండ్లు విడిచి పోలేదన్నమాట!

ఇక కప్పు. 2023లో కర్ణాటక ప్రభుత్వం దక్షిణ కన్నడ, చామరాజనగర జిల్లాల విద్యార్థినులకు దీన్ని ఇవ్వడం మొదలుపెట్టింది. ఇది నిన్నటి వింత కాదు. లియోనా ఛామర్స్ అనే అమెరికా నటి 1937లోనే పేటెంటు పొందింది. ఇప్పటివి మెత్తని సిలికానువి. లోపల అమర్చుకుంటే పన్నెండు గంటల వరకు ఉంచుకోవచ్చు. జాగ్రత్తగా వాడితే ఒక్కటే పదేండ్లు వస్తుంది.

“పెండ్లి కాని పిల్లకు ఇదేమిటమ్మా?” అనేది తల్లుల మొదటి ప్రశ్న. కన్నెపొర కొందరికి ఆటపాటలలోనే సాగిపోతుంది, కొందరికి పుట్టుకతోనే పలుచన. దాన్ని చూసి పిల్ల శీలాన్ని లెక్కకట్టడం వైద్యం ఒప్పని మాట. అయినా పిల్లకు ఇష్టం లేకపోతే బలవంతం పెట్టరాదు. కుట్టిన గుడ్డపట్టీలు ఉండనే ఉన్నాయి.

అలవాటు పడడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మొదటిసారి కంగారుపడి మూల పడవేసినవారు మరోసారి ప్రయత్నించి చూడాలి. కాపర్-టీ వేయించుకున్నవారు మాత్రం ముందు డాక్టరమ్మను అడగాలి. కప్పు లాగేటప్పుడు అది జారవచ్చు. నెలనెలా ముట్టు మొదట్లోనూ, అయిపోయాకా కప్పును నీళ్లలో మరిగించాలి. అందుకు ఒక చిన్న గిన్నె విడిగా పెట్టుకోండి. అదెందుకని అత్తగారు అడిగితే, దాచకుండా చెప్పండి.