గాలిమరకు దగిన విద్యుద్యంత్రము

గాలిమరను జూచువారు రెక్కలను జూతురు గాని, వాని వెనుకనున్న విద్యుద్యంత్రమును జూడరు. కొన్నవారు నష్టపడుట తఱచుగ నిచ్చటనే. పెద్ద రెక్కలు మెల్లగా దిరుగును. సామాన్యమైన డైనమో వడిగా దిరిగిననే విద్యుత్తు నిచ్చును. ఈ రెంటికిని పొత్తు గుదుర్చుటయే యసలు పని.

డెన్మార్కు దేశమున అస్కోవ్ గ్రామ పాఠశాలలో నుపాధ్యాయుడగు పౌల్ లా కూర్ 1891లో గాలిమరకు డైనమోలను జతపఱచెను. గాలి యాగిన రాత్రి వెలుతురెట్లు? విద్యుత్తుచే నీటిని విడదీసి, హైడ్రజను వాయువును నిలువచేసి, దానితో దీపములు వెలిగించెను. (ఆ వాయువు ప్రేలి పాఠశాల కిటికీల యద్దములు పలుమాఱులు పగిలెనట!) 1904లో గ్రామ యువకులకు విద్యుత్తు పని నేర్ప నారంభించెను. వారిలో యోహన్నెస్ యూల్ ఒకడు. అతడు 1957లో గెడ్సర్ వద్ద 24 మీటర్ల వ్యాసమును మూడు రెక్కలును గల 200 కిలోవాట్ల మరను నిలిపెను. అది పదేండ్లు పనిచేసినది.

గెడ్సరు మరలోని యంత్రము మనకు గ్రొత్తది కాదు. మన బావులకడ నీరు తోడు మూడు ఫేజుల మోటారు జాతియే యది. నాలుగు ధ్రువముల మోటారు లైనునుండి విద్యుత్తు గొని నిమిషమునకు సుమారు 1440 చుట్లు తిరుగును. దానినే పండ్లచక్రముల సాయమున 1500కు మించి త్రిప్పినచో, తినుట మాని లైనునకే విద్యుత్తు నొసగును. బ్రష్షులు లేవు గనుక మరమ్మతు స్వల్పము. కాని లైనులో విద్యుత్తు లేనప్పుడు ఇదియు నూరకుండును; లైను చేరని యొంటరి పొలమున దీనిని నమ్మరాదు.

అట్టి పొలమునకు వేఱొక విధము కలదు. రెండు ఇనుప పళ్లెములకు బలమైన అయస్కాంతములను బిగించి, వాని నడుమ రెజినులో బోతపోసిన రాగితీగ చుట్టలను గదలకుండ నిలుపుదురు. పళ్లెములు రెక్కలతోనే తిరుగును, పండ్లచక్రములతో బనిలేదు. వచ్చిన విద్యుత్తును ఏకముఖముగా మార్చి బ్యాటరీలకు బంపుదురు. స్కాట్లండులోని స్కోరైగ్ నివాసి హ్యూ పిగ్గాట్ దీనిని ప్రచారమునకు దెచ్చినవారిలో ముఖ్యుడు. కమ్మరి, వడ్రంగి కలిసి చేయదగినదే. అయితే గాలి మితిమీరినపుడు తోక మడిగి మర ప్రక్కకు దొలగు నేర్పాటుండవలెను. లేనిచో చుట్టలు మాడిపోవును.

వర్తకుడు వాట్లు చెప్పినపుడు, అవి యెంత గాలిలో వచ్చునో యడుగుడు. గాలి వేగము సగమైనచో శక్తి యెనిమిదవ వంతే యగును. కావున మర కొనుటకు ముందు ఒక సంవత్సరము మీ పొలముననే గాలిని గొలుచుట మేలు.

వెల యొక్కరికి మించినచో? కోపెన్‌హేగన్ చేరువ సముద్రమున మిడిల్‌గ్రుండెన్ వద్ద 2000లో 20 మరలు నిలిచినవి. అందు పదింటిని ఎనిమిదివేలకు పైబడిన సభ్యులు గల సహకార సంఘమే కొన్నది. ఒక్కొక్క వాటా యేటికి 1000 యూనిట్ల విద్యుత్తునకు సరిపోవునట్లు విభజించిరి.