స్టీలుపాత్రపై నల్లని పేరు

పాత్రపై పేరు వ్రాయించుట తెలుగునాట పాత ఆచారము. పెండ్లికి బిందెయో చెంబో కానుకగా నిచ్చువారు దానిపై వధూవరుల పేర్లు, తమ పేరు, తేదీ చెక్కింతురు. విందునాడు ఇరుగుపొరుగు ఇండ్ల గిన్నెలు, పళ్ళెములు ఒకచోట చేరినప్పుడు ఏది ఎవరిదో తెలియుటకు ఆ అక్షరములే ఆధారము. అటకమీది ఇత్తడి గంగాళముపై తాతలనాటి పేరు నేటికిని చదువ వీలైన ఇండ్లు కలవు.

ఇత్తడి, రాగి మెత్తని లోహములు. చిన్న ఉలిని మోపి సుత్తితో తట్టుచు పోయినచో చుక్కలు చుక్కలుగా అక్షర మేర్పడును. స్టీలు వాడుకలోనికి వచ్చిన పిమ్మట, విద్యుత్తుతో అదరు సూదిమొన యంత్రము పనివాని చేతికి వచ్చినది. నల్లగొండ, మహబూబ్‌నగరము వంటి పట్టణములలోని పాత్రల అంగళ్ళలో, కొన్నవారు నిలిచియుండగనే దానితో పేరు చెక్కి యిచ్చుట పరిపాటి. ఆ పని చౌకయే. కాని ఆ గీత సన్ననిది, స్టీలు రంగునే కలిగియుండును, దూరమునుండి కానరాదు. నీళ్ళసీసాలపై పాఠశాల చిహ్నమునో సంఘము గుర్తునో స్ఫుటముగ కోరువారు నేడు లేజరు నాశ్రయించుచున్నారు.

లేజరనగా ఒకే రంగు కలిగి, చెదరక ఒకే దిక్కున సాగు కాంతి. 1960లో అమెరికాలో థియొడోర్ మైమన్ కెంపుకడ్డీనుండి దీనిని మొదటిసారి పుట్టించెను. 1964లో, మహారాష్ట్రమందలి బారామతిలో జన్మించిన కుమార్ పటేల్ అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కార్బన్ డయాక్సైడు వాయువునుండి లేజరును సాధించెను. కొయ్యపైనను, తోలుపైనను, గాజుపైనను బొమ్మలు చెక్కు చిన్న అంగళ్ళలోని చౌక యంత్రములు పెక్కు ఈ జాతివే.

అయితే ఇచట ఒక చిక్కు కలదు. ఈ కాంతి తరంగదైర్ఘ్యము 10.6 మైక్రోమీటర్లు. నునుపైన స్టీలు ఆ కాంతిలో నూటికి తొంబది పాళ్ళకు మించి వెనుకకు త్రిప్పికొట్టును. కొయ్యను మసిచేయు కిరణము చెంబుపై మచ్చయైన వేయజాలదు! ఫైబర్ లేజరు కాంతి తరంగదైర్ఘ్యము ఇందులో పదవవంతు. దానిని స్టీలు వాయు లేజరు కాంతికంటె చాల ఎక్కువగ గ్రహించును గనుక ఏ పూతయు లేకయే అక్షరములు పడును. కాని వాయు లేజరుతో జీవనము సాగించు చిన్న పనివానికి రెండవ యంత్రము కొనుట భారము.

ఆ భారమును తప్పించునది పూత. మాలిబ్డినమ్ అను లోహపు సమ్మేళనముల మెత్తని పొడిని ద్రవములో కలిపి పాత్రపై పిచికారి చేయుదురు. ఆరిన పొర కాంతిని మ్రింగి, వేడెక్కి, కిరణము సోకినచోట స్టీలుతో అతుకుకొనును. తడిగుడ్డతో తుడిచినచో మిగిలిన పొడి పోయి, నల్లని అక్షరము నిలుచును. ఇది లోహమును తొలిచిన గీత కాదు, లోహముపై అతికిన ముద్ర.

ఇందుకై ప్రత్యేకముగ అమ్ము పూతలు మిక్కిలి ప్రియము. కనుక పనివారు యంత్రభాగములు ఒరయకుండ పూయు మాలిబ్డినమ్ డైసల్ఫైడు పిచికారీని వాడుచున్నారు. దాని వెల చాల తక్కువ. పాత్రనంతటిని తడుపక, కాగితము చుట్టి పేరు పడవలసిన మేర మాత్రమే విడిచి పూసినచో ఖర్చు ఇంకను తగ్గును. పొర దళసరియైనకొలది ముద్ర మంచిదగునని కొందరు తలంతురు. అది పొరపాటు. దళసరి పొరలో వేడి పైననే నిలిచిపోయి, అడుగుననున్న స్టీలును చేరదు. గోరు తగిలిన అక్షరము రాలిపోవును. ముందు పాత్రను జిడ్డులేకుండ స్పిరిటుతో తుడిచి, పలుచగ, ఒకే తీరున పూయవలెను. పిమ్మట పాత్రను దొరలించు రోలర్లపై పరుండబెట్టినచో గుండ్రని ప్రక్క అంతయు క్రమముగ కిరణము క్రిందికి వచ్చును.

చౌకదనము వెంట అపాయమును కలదు. డైసల్ఫైడులో గంధకమున్నది, కాలునప్పుడు ఘాటైన సల్ఫర్ డయాక్సైడు వాయువు వెలువడి ఊపిరితిత్తులకు హాని చేయును. పొగను గొట్టముద్వారా వెలుపలికి పంపు పంకా లేని గదిలో ఈ పని చేయరాదు. పిచికారీలోని ద్రవము మండు స్వభావము కలది గనుక బాగుగ ఆరకమునుపు కిరణమును తాకింపరాదు. లేజరు కాంతి కంటికి కనబడకున్నను కంటిని కాల్చగలదు. తగిన కండ్లద్దములు ధరింపవలెను. మరియు ఆ పూత యంత్రములకై చేసినదే గాని అన్నపానముల కొరకు చేసినది కాదు. గ్లాసుకు లోపలగాని, పెదవి తగులు అంచునగాని పేరు వేయక, వెలుపలి ప్రక్కన వేసి సబ్బుతో కడుగవలెను.

మితిమీరిన వేడి పాత్రకే చేటు. స్టీలు త్రుప్పు పట్టకుండుటకు కారణము అందలి క్రోమియము. వంటపాత్రల మేలురకపు స్టీలులో ఇది నూటికి 18 పాళ్ళు, నికెలు 8 పాళ్ళు ఉండును. క్రోమియము గాలిలోని ఆమ్లజనితో కలిసి మిల్లీమీటరులో లక్షవవంతుకంటెను పలుచని పొరగా మారి లోహమును కాపాడును. చిన్న గీత పడినను ఆ పొర తానే మరల ఏర్పడును. కాని తీవ్రమైన వేడికి ఉపరితలము మాడినచో ఆ శక్తి సన్నగిల్లి, కొన్నాళ్ళకు అక్షరముల అంచుల వెంట ఎర్రని త్రుప్పు కనిపించును. అందుచే మంచి పనివాడు ముందుగా పనికిరాని స్టీలుముక్కపై తక్కువ వేడినుండి ఎక్కువ వేడికి చిన్న చిన్న గళ్ళు వేసి చూచి, అక్షరము గట్టిగ నిలిచిన వాటిలో అన్నింటికంటె తక్కువ వేడిని ఎన్నుకొనును.

రంగు పూసిన నీళ్ళసీసాలకు ఈ శ్రమ యేదియు లేదు. వాటిపై వాయు లేజరు రంగునే కాల్చి తొలగించును. అడుగున మెరయు స్టీలే అక్షరమగును.