బట్టలుతుకు యంత్రమునకు భద్రమైన సాకెట్టు

తంపర సరస్సు ఒక ప్రక్కను, సముద్రము మరొక ప్రక్కను గల మన ఛత్రపురములో బట్టలుతుకు యంత్రము ఇప్పుడు సామాన్యుల ఇండ్లకును వచ్చినది. దానిని చాలమంది పెరటి వసారాలోనో, స్నానపుగది వాకిటనో నిలుపుదురు. అచట నేల తరచు తడిగా నుండును. పిల్లలు తడికాళ్లతో యంత్రమును తాకుచుందురు. కావున దానికి కరెంటునిచ్చు సాకెట్టు విషయమున తల్లిదండ్రులకు కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

ఫ్యూజు గాని, ఎం.సి.బి. గాని ఉన్న చాలునని పలువురు ధైర్యముగా నుందురు. అవి కాపాడునది తీగను, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. అంతకు మించిన ప్రవాహమునకే విడిపోవును. 16 ఆంపియర్లనగా 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి గుండె లయ తప్పుటకు కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు చాలును.

ఈ కొరతను తీర్చునది ఆర్.సి.సి.బి. అను సాధనము. ఫేజు తీగలో వెళ్లిన ప్రవాహమంతయు న్యూట్రల్ తీగలో తిరిగి రావలెను. కొంత మనిషి మీదుగా భూమిలోనికి పోయినచో లెక్క తగ్గును. ఆ తేడాను కనిపెట్టి, సెకనులో మూడవ వంతైన గడువకముందే ఈ సాధనము కరెంటును ఆపివేయును. కరెంటు దేహమునకు చేయు హానిని పరిశోధించిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్జియల్ 1961లో ఇట్టి సాధనమునే రూపొందించెను. మనిషి రక్షణకు 30 మిల్లీ ఆంపియర్ల రకమునే కొనవలెను. అయితే ఒకే మనిషి ఫేజును, న్యూట్రలును కలిపి పట్టుకొన్నచో ఇదియు ఆదుకొనజాలదు.

నీటిని వేడిచేయు యంత్రము సుమారు 2,000 వాట్లు తీసికొనును. మన 230 వోల్టుల సరఫరాలో అది 9 ఆంపియర్లకు దగ్గర. 6 ఆంపియర్ల సాకెట్టు చాలదు. మెయిను బోర్డునుండి వేరుగా రాగితీగ లాగించి, దానికి ఎం.సి.బి., ఆర్.సి.సి.బి. రెండును పెట్టించి, 16 ఆంపియర్ల సాకెట్టును నీరు చిందని ఎత్తున, మూతగల పెట్టెలో అమర్పవలెను. ఎక్స్‌టెన్షన్ బాక్సు పనికిరాదు. ఈ పని లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేతనే చేయింపవలెను.

ఎర్తు మాట మరువరాదు. ప్లగ్గులో లావుగా, పొడవుగా నున్న పిన్ను ఎర్తుది. తక్కినవాటికంటె ముందుగా అది తగులుటకే ఆ పొడవు. సాకెట్టులో పట్టలేదని దానిని తీసివేయుట ప్రాణములతో చెలగాటము. ఎర్తు తీగను నీటి గొట్టమునకు కట్టుటయు తప్పే. మన సముద్రపు ఉప్పుగాలికి తీగల కలయికలు తుప్పుపట్టును. ఇసుకనేల ఎండినచో ఎర్తు బలహీనపడును. కనుక ఎర్తు గోతిలో నీరు పోయుచుండవలెను. 2013 అక్టోబరు 12న గోపాల్పూరు వద్ద తీరము దాటిన ఫైలిన్ వంటి తుఫానుల పిదప వానిని తప్పక పరీక్షింపించవలెను.

నెలకొకసారి ఆర్.సి.సి.బి. పై నున్న టెస్టు మీటను నొక్కి చూడుడు. కరెంటు పోనిచో సాధనము చెడినదని ఎరుగుడు. అది మాటిమాటికి పడిపోవుచున్నచో విసిగి తొలగింపక, లోపమెచటనో వెదకింపుడు. యంత్రమునకు వేలు వెచ్చించు మనము పిల్లల ప్రాణరక్షణకు వెనుదీయరాదు.