ఫ్రేజా, క్లాజా? ఎలా పోల్చుకోవాలి?

1919లో మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చిన రవీంద్రనాథ్ టాగోర్ అక్కడే ‘జనగణమన’ను ఇంగ్లిష్‌లోకి మార్చారు. ఆ సంగతినే వాక్యంగా రాద్దాం: ‘టాగోర్ ట్రాన్స్‌లేటెడ్ ద సాంగ్ ఇన్ మదనపల్లె.’ టాగోర్, సాంగ్, మదనపల్లె మూడూ నౌన్లు. ‘ఇన్ మదనపల్లె’ ఫ్రేజ్. ఎక్కడో చెబుతుంది గానీ, అందులో ఎవరూ ఏ పనీ చేయరు.

పొడవు చూసి క్లాజ్ అనుకోకండి. ‘ద స్మాల్ వైట్ కౌ ఫ్రమ్ పుంగనూర్’లో ఆరు మాటలున్నాయి, క్రియ మాత్రం లేదు. పొట్టి ఆవుకు పొడుగాటి ఫ్రేజ్, అంతే!

క్లాజ్‌కి కర్తా, కాలం తెలిపే క్రియా రెండూ ఉండాలి. ‘ఆఫ్టర్ ద రెయిన్’ ఫ్రేజ్. ‘ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్’ క్లాజ్. మనకు ఇక్కడ తికమక ఎందుకు? తెలుగులో ‘వాన ఆగాక వచ్చాను’ అంటాం, ‘వాన ఆగాక వస్తాను’ అనీ అంటాం. ‘ఆగాక’ మారదు. ఇంగ్లిష్‌లో మొదటిదానికి ‘స్టాప్డ్’, రెండోదానికి ‘స్టాప్స్’ కావాలి. క్లాజ్ లోపలి క్రియ కూడా కాలం చెప్పి తీరాలి.

మరి నౌన్ చోట నిలిచే నౌన్ క్లాజ్‌ను ఎలా పోల్చుకోవాలి? దాని చోట ‘ఇట్’ పెట్టి చూడండి. ‘ఐ నో వేర్ ద కుప్పం బస్ స్టాప్స్’ అన్నది ‘ఐ నో ఇట్’ అవుతుంది, చక్కగా అతుకుతుంది. ‘ఐ విల్ కమ్ వెన్ ద బస్ స్టాప్స్’ను అలా మారిస్తే ‘ఐ విల్ కమ్ ఇట్’ వస్తుంది. అతకదు. అది క్లాజే, కానీ ఎప్పుడు వస్తానో చెప్పే అడ్వెర్బ్ క్లాజ్.